కథ వద్దు, అంకె చెప్పు

మా బాపు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో కాంటా దగ్గర పనిచేసేవాడు. చెరుకు నిండిన బండిని వచ్చేటప్పుడు ఒకసారి తూచాలి, చెరుకు దించేశాక ఖాళీ బండిని ఇంకోసారి తూచాలి. అంతే పని. కానీ కాంటా ముందు ఆగిన ప్రతి రైతూ ఒక కథ ఎత్తుకునేవాడు. రుద్రూర్ దాటగానే ఇరుసు విరిగిందని ఒకడు, ఎద్దు కుంటుతోందని ఒకడు, బామ్మర్ది రాలేదని ఇంకొకడు. వెనక బండ్ల వరుస పెరిగిపోయేది. బాపు చేతిలో పెన్సిల్ పట్టుకుని, చిట్టీ నెంబరు కోసం చూస్తూ, "కథ వద్దు పటేలా, అంకె చెప్పు" అనేవాడు. ఇంట్లో కూడా అదే మాట. పరీక్షల్లో ఎన్ని మార్కులొచ్చాయని అడిగితే నేను పేపరు ఎంత కష్టంగా ఇచ్చారో మొదలుపెట్టేదాన్ని. "కథ వద్దు బిడ్డా" అని చెయ్యెత్తేవాడు.

ఫ్యాక్టరీ మూతపడింది, బాపు పోయాడు, ఆ మాట మాత్రం నాకు మిగిలింది. నిజామాబాద్‌లో జిరాక్స్ షాపు పైన ఒక గది అద్దెకు తీసుకుని ఎన్నో ఏళ్ళుగా ఇంగ్లీషు మాట్లాడటం నేర్పుతున్నాను. బోర్డు పైన గోడమీద ఎర్ర పెయింటుతో ఆ మాటే రాయించాను. నాకు కోపం ఎక్కువ. ఆ సంగతి క్లాసులో చేరినవాళ్ళకు మొదటి రోజే తెలిసిపోతుంది, ఎవరూ చెప్పనక్కర్లేదు.

అంకెల దగ్గర మనవాళ్ళు చేసే తప్పులు నాకు కంఠతా వచ్చు. థర్టీన్, థర్టీ రెండూ ఒకే తీరుగా పలుకుతారు. పావు తక్కువ ఎనిమిదిని 'క్వార్టర్ లెస్ ఎయిట్' చేస్తారు. ఫోన్ నెంబరు ఊపిరి తీసుకోకుండా చెప్పేస్తారు, అవతలివాడు రాసుకోవాలన్న జాలి ఉండదు. కమ్మర్‌పల్లి నుంచి గల్ఫుకు పోయే తయారీలో ఉన్న ఒకతను వచ్చేవాడు. మా బజార్లో రెండు వందల యాభైని అందరూ ఉర్దూలో ఢాయీ సౌ, అంటే రెండున్నర వందలు, అనే అంటారు కదా, అతను దాన్ని 'టూ హాఫ్ హండ్రెడ్' అన్నాడు. రెండు సగం వందలంటే వందే అవుతుంది కదయ్యా, నీ జీతం నువ్వే కోసుకుంటున్నావు అన్నాను. పాపం, మొహం చిన్నది చేసుకున్నాడు.

అందరికంటే గొప్పవాడు వేల్పూర్ పసుపు రైతు. పై రాష్ట్రాల వ్యాపారులతో తనే నేరుగా మాట్లాడుకోవాలని యాభై దాటాక ఇంగ్లీషుకు వచ్చాడు. ఒకరోజు లేపి నిలబెట్టి, పసుపు బస్తాలు లెక్కపెట్టమన్నాను. గొంతు సవరించుకుని, "ప్రాఫిట్, టూ, త్రీ, ఫోర్" అన్నాడు. క్లాసు గొల్లుమంది. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనకుండా లాభం అంటారు కదా, ఆయన దాన్ని బుద్ధిగా ఇంగ్లీషులోకి మార్చాడు. నాకూ నవ్వి నవ్వి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఆయన మాత్రం నవ్వలేదు. "మొదలే ఒకటి అంటే ఒక్కదానితోనే ఆగిపోతది గద మేడం" అన్నాడు.

ఇవన్నీ చిన్న జబ్బులు. అసలు జబ్బు కథ. ఇంటర్వ్యూలో ఎన్నేళ్ళ అనుభవం అని అడిగితే మేనమామ పెట్టిన కొట్టు దగ్గర మొదలవుతారు. ఎన్ని గంటలకు వస్తావంటే బస్సు సంగతి చెప్తారు. అంకె చెప్పడానికి భయపడి కథ వెనక దాక్కుంటారు. అందుకే గోడమీదున్న ఆ మాటను నేను బల్ల మీద స్కేలుతో కొట్టి మరీ నేర్పేదాన్ని. అడిగింది అంకె అయితే నోట్లోంచి అంకె ఒక్కటే రావాలి. ముందొక మాట, వెనకొక మాట ఉండకూడదు.

ఆ మాటను అందరికంటే గట్టిగా పట్టుకున్నది ఒక అమ్మాయి. ఆమెది బోధన్ శివారు. తల్లీ బిడ్డా బీడీలు చేసి బతికేవాళ్ళు, తండ్రి లేడు. పెళ్ళి కుదిరాక, అబ్బాయి దుబాయ్‌లో స్టోర్ కీపరు, తనను కూడా తీసుకుపోతాడని తెలిసి, ఇంగ్లీషు కోసం నా దగ్గర చేరింది. క్లాసులో ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఆమె వేళ్ళు చున్నీ కొసను బీడీలా చుడుతూనే ఉండేవి. మొదట్లో ఆమెదీ కథల జబ్బే. "రోజుకు ఎన్ని బీడీలు చేస్తావు?" అని ఇంగ్లీషులో అడిగితే ఆకు బాగాలేదని, తంబాకు తక్కువ ఇచ్చారని చెప్పుకొచ్చేది. ఒకరోజు గట్టిగా కసిరాను. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మర్నాటి నుంచి ఏమడిగినా తూటాలా అంకె వచ్చేది. నాకు మహా గర్వంగా ఉండేది. కొత్తవాళ్ళకు ఆమెనే చూపించేదాన్ని.

బీడీల లెక్క నాకు ఆమే చెప్పింది. ఇరవై ఐదు బీడీలకు ఒక కట్ట. దారం చుట్టి ముడేస్తేనే కట్ట. చేటలో ఇరవై నాలుగు చేసి పెట్టుకున్నా కార్ఖానాలో వాటిని లెక్కలోకి తీసుకోరు. "కట్టిందే లెక్క మేడం, చేతుల ఉన్నది లెక్క కాదు" అంది. ఆ మాటను నేను అక్కడే పట్టుకుని ఉండాల్సింది. పట్టుకోలేదు.

పెళ్ళయింది, వెళ్ళిపోయింది. అప్పుడప్పుడు ఫోన్ చేసి ఇంగ్లీషులో రెండు ముక్కలు మాట్లాడేది. తర్వాత కడుపుతో ఉందని తెలిసింది. తల్లి నా గది దాకా వచ్చి చెప్పింది. ఆమె నాకంటే చిన్నదే, కానీ బీడీల పని నడుం వంచేసింది. తొలి కాన్పు తన ఇంట్లోనే జరగాలని ఆమె కోరిక. ఆమెకున్నది ఒక్క బిడ్డ. తన కాన్పు అప్పుడు తన తల్లి దగ్గర లేదట, మూడు రోజులు నొప్పులు పడి ఒంటరిగా ఏడ్చిందట. "నా బిడ్డకు గట్ల కావద్దు టీచరమ్మా, దాని తల మీద నా చెయ్యి ఉండాలె" అంది. ఆమె అడిగింది అదొక్కటే.

ఏడో నెలలో తీసుకురావాలనుకున్నారు. అల్లుడికి సెలవు దొరకలేదు, ఒంటరిగా పంపడానికి అతనికి ధైర్యం చాలలేదు. అంతలో ఎనిమిదో నెల వచ్చింది. ఎనిమిదో నెలలో కడుపుతో ఉన్న పిల్లను కదిలించకూడదని తల్లి పట్టుబట్టింది. సరి నెల మంచిది కాదు, తొమ్మిదో నెల పడగానే రావాలి అంది.

"ఇప్పుడే రమ్మను, ఆలస్యమైతే విమానం ఎక్కనివ్వరు" అని నేను మొత్తుకున్నాను.

"నువ్వు ఇంగ్లీషు సెప్పు టీచరమ్మా, గివి నాకు ఇడిసిపెట్టు" అంది.

తొమ్మిదో నెల పడింది. అల్లుడు అక్కడి డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తీసుకున్నాడు. ముప్పై నాలుగు వారాలని అందులో ఉంది. ముప్పై ఆరు దాటితే ఎక్కనివ్వరు కాబట్టి ఇబ్బందేమీ లేదు. అతనికి సెలవు చివరికీ దొరకలేదు. పిల్లను ఎయిర్‌పోర్టు గేటు దగ్గర దించి, సామాను బండిలో పెట్టి, డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఇక్కడ తల్లి, తన అన్నను వెంటబెట్టుకుని, కారు మాట్లాడుకుని, బిడ్డకు ఎదురు వెళ్ళడానికి శంషాబాద్ బయల్దేరింది.

నేను క్లాసులో ఉన్నాను. పదకొండు దాటింది. ఆ అమ్మాయి ఫోన్ వచ్చింది. క్లాసు మధ్యలో ఫోన్ ఎత్తను, కానీ ఆ రోజు ఎత్తాను.

"మేడం, నన్ను ఎక్కనిస్తలేరు" అని ఏడుస్తోంది.

"ఏమైంది? సర్టిఫికెట్ ఇచ్చినవా?"

"ఇచ్చిన మేడం. చూసిండ్రు. మళ్ళా హౌ మెనీ మంత్స్ అని అడిగిండ్రు. నైన్ అని చెప్పిన."

"నైన్ అన్నవా? ఇంకేం చెప్పలే?"

"ఇంకేం చెప్పలే మేడం. మీరే గద, అంకె అడిగితే అంకెనే చెప్పమన్నరు."

తప్పెక్కడ జరిగిందో అప్పుడు తెలిసింది. మా దిక్కు ఏదైనా పడ్డ లెక్కనే చెప్తాం. పిల్లకు నాలుగు నిండి ఐదు మొదలైతే ఐదేండ్లు పడ్డాయి అంటాం. నా వయసు నేనూ అట్లాగే చెప్పుకుంటాను. ఎనిమిది నెలలు నిండి నాలుగు రోజులైతే ఎవరడిగినా తొమ్మిదో నెల అనే అంటాం, తొమ్మిది అని వేళ్ళు చూపిస్తాం. ఆ కౌంటరు వాళ్ళది నిండిన లెక్క. వాళ్ళకు తొమ్మిదంటే నిండు గర్భిణి, నేడో రేపో కాన్పు. కాగితం ఒకటి చెప్తోంది, నోరు ఇంకొకటి చెప్తోంది. కాగితమే దొంగదేమో అని వాళ్ళకు అనుమానం రాకుండా ఎట్లా ఉంటుంది? ఎన్నో ఏళ్ళుగా అంకెలు నేర్పుతున్నాను, ఈ తేడా ఒక్కరికీ చెప్పలేదు. నాకే తోచలేదు.

ఆమెకు వెంటనే అర్థమయ్యేట్టు చెప్పాలి. ఇంగ్లీషులో చెప్పే టైము లేదు.

"బిడ్డా, ఏడ్వకు. నువ్వు కట్టిన కట్టలెన్ని? దారం చుట్టి ముడేసినవి?"

"ఎనిమిది" అంది. "తొమ్మిదోది చేతుల ఉన్నది. అయ్యో మేడం! చేతుల ఉన్నది లెక్క చెప్పిన్నా!"

"అదే వాళ్ళకు చెప్పు. ఎయిట్ ఫినిష్డ్, నైన్త్ రన్నింగ్. జల్ది చెప్పు. ఫోన్ వాళ్ళకియ్యి, నేను మాట్లాడుత."

వాళ్ళు ఫోన్ తీసుకోలేదు. ఆమె చెప్పింది, నాకు వినిపించింది. ఇంగ్లీషు బాగానే చెప్పింది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. ముందు తొమ్మిదంది, ఇప్పుడు ఎనిమిదంటోంది, ఎవరికో ఫోన్ చేసి మార్చింది అని కౌంటరులో ఉన్నామె అనుకుంది. అనుకోవడంలో తప్పేముంది? ఎయిర్‌పోర్టు డాక్టరును పిలిపించారు. ఆయన వచ్చి, పరీక్ష చేసి, కాగితంలో ఉన్నదే నిజమన్నాడు. అప్పటికి గేటు మూసేశారు.

అల్లుడు ఫోన్ ఎత్తడం లేదు. తల్లికి నేనే చెప్పాలి. గది బయట మెట్ల మీద నిలబడి ఫోన్ చేశాను. కారు కామారెడ్డి దాటిందట. కిటికీ లోంచి గాలి శబ్దం వినిపిస్తోంది.

"చెల్లె, కారు ఆపమను" అన్నాను.

"ఎందుకు?"

ఎప్పుడూ కథలు వద్దనే నేను, ఆ రోజు కథ మొదలుపెట్టాను. కౌంటరు, కాగితం, డాక్టరు అని ఏదో చెప్పుకుపోతున్నాను. ఆమె మధ్యలో ఆపింది.

"ఎక్కలేదా?" అంది.

"ఎక్కలేదు."

ఫోన్ పెట్టేసింది.

ఐదు రోజుల తర్వాతి విమానంలో సీటు దొరికింది. కానీ ఆ రోజంతా నిలబడి ఏడ్చినందుకో ఏమో, ఆ అమ్మాయికి బీపీ పెరిగింది. ఇక ప్రయాణం మాటే ఎత్తవద్దని అక్కడి డాక్టరు చెప్పేసింది. తల్లికి పాస్‌పోర్టు కూడా లేదు. అదయ్యేలోపు కాన్పు అయిపోతుంది. లెక్క ఎటు నుంచి వేసినా తల్లి చెయ్యి బిడ్డ తల మీద పడేట్టు లేదు.

విమానం తప్పిన మూడో రోజు తల్లి నా క్లాసుకు వచ్చింది. గుమ్మంలో నిలబడే మొదలుపెట్టింది.

"నీ ఇంగ్లీషు అగ్గిల వడ! అంకె సెప్పు అంకె సెప్పు అని నా బిడ్డ నోరు కుట్టేస్తివి గదనే! అది ఒక్క మాట ఎక్కువ సెప్తే నీ సొమ్మేం పోయింది? కట్టె వట్టుకొని సదువు చెప్తే గిట్లనే అయితది!"

పదిహేను మంది చూస్తున్నారు. నా క్లాసులో నా మీద గొంతు లేపినవాళ్ళు అప్పటిదాకా లేరు. నాకు రావాల్సిన కోపం రాలేదు. స్కేలు టేబుల్ సొరుగులో పెట్టేశాను. "తప్పు నాదే చెల్లె" అన్నాను. ఆ మాట అనడానికి నాకు చాలా కష్టమైంది, అది కూడా ఒప్పుకుంటాను.

ఇంకా తిడుతుందనుకున్నాను. ఆమె వెనక బెంచీ మీద కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చింది. పిల్లలు ఒక్కరొక్కరే లేచి వెళ్ళిపోయారు.

"నువ్వు సెప్పినవు గద, ఎనిమిదో నెలల్నే రమ్మని" అంది చివరికి. "నేనే ఆపితిని. నేను ఆపకపోతే అది అప్పుడే వస్తుండె. నేనొక దిక్కు, నువ్వొక దిక్కు. ఇద్దరం గలిసి ఆపినం అక్కా."

టీచరమ్మ అనడం మానేసి అక్కా అనడం అదే మొదలు. కింద నుంచి చాయ్ తెప్పించాను. ఇద్దరం తాగాం.

కాన్పు అక్కడే అయింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. పక్క గదిలో ఉండే మలయాళీ ఆవిడ ఎవరో వచ్చి దగ్గర కూర్చుందట. ఆ కబురు చెప్పడానికి అమ్మమ్మ అయిన మా చెల్లె మళ్ళీ నా దగ్గరికి వచ్చింది, ఫోన్‌లో ఫోటో చూపించింది. సంతోషంగానే ఉంది. వెళ్ళేముందు గుమ్మం దగ్గర ఆగి, "నొప్పులప్పుడు అవ్వా అవ్వా అని అరిచిందట, ఆ మలయాళమామెకు ఏం తెలవలేదట" అంది. మా దిక్కు అవ్వ అంటే అమ్మ. ఆ మాట నన్ను చాలా రోజులు పట్టుకుంది. ఇప్పటికీ వదల్లేదు.

అల్లుడు మంచివాడు. అత్తగారికి పాస్‌పోర్టు తీయించి, నెల రోజులకు విజిట్ వీసా పెట్టిస్తానన్నాడు. ఆ మర్నాడే ఆమె పలకా బలపం కొనుక్కున్నట్టు ఒక నోట్‌బుక్ కొనుక్కుని నా క్లాసుకు వచ్చి ముందు బెంచీలో కూర్చుంది. ఫీజు వద్దంటే వినలేదు. అక్కడ ఆఫీసరు అడిగేవాటికి జవాబులు నేర్పితే చాలంది.

బోధన్ నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఒడిలో చేట లేకపోతే చేతులు ఏం చేయాలో తోచేది కాదు ఆమెకు. అక్షరాలు రావు, అంతా నోటితోనే. ఎన్ని రోజులు ఉంటావు అంటే 'థర్టీ డేస్' అనాలి. ఎవరింటికి అంటే 'మై డాటర్' అనాలి. థర్టీ పలకడానికే వారం పట్టింది. ఒకరోజు తర్టీ, ఒకరోజు తట్టి, ఒకరోజు థర్టీన్. "థర్టీన్ అంటే పదమూడు దినాలకే పంపిస్తరు చెల్లె" అని భయపెట్టాను. "అమ్మో, పదమూడు దినాలకు నేను రాను" అని మళ్ళీ మొదటి నుంచి పలికేది. పాప వయసు అడిగితే ఏం చెప్పాలో మాత్రం నేను నేర్పనక్కర్లేకపోయింది. "కట్టినవే సెప్పాలె, నాకెర్కే" అంది. క్లాసులో అందరికీ ఆ తేడా ఆమే చెప్పేది. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళకు కూడా చెప్పేదట.

పాప పుట్టిన మూడు నెలలకు వీసా వచ్చింది. బయల్దేరే ముందు రోజు చివరిసారి అడిగాను. "హౌ మెనీ డేస్?" "థర్టీ డేస్" అంది, గడియారం గంట కొట్టినట్టు. "అంతే చెప్పు. ఇంకేమీ చెప్పకు. కథలోకి దిగితే వాళ్ళు ఇంకో నాలుగు అడుగుతరు, నువ్వు చిక్కుల పడ్తవు" అన్నాను. ఇంత జరిగినా నా నోట అదే మాట వచ్చింది. ఆమె గోడమీది ఎర్ర అక్షరాలను చూసింది. చదవలేదు, కానీ అక్కడ ఏముందో ఆమెకు తెలుసు.

మర్నాడు క్లాసు చెప్తూనే ఉన్నాను గానీ మనసు ఫోన్ మీదే ఉంది. మధ్యాహ్నానికి దిగాలి. రెండయింది, మూడయింది. ఎక్కడో ఒక కౌంటరు ముందు ఆమె నిలబడి, థర్టీనో థర్టీయో తేలక తడబడుతున్నట్టే అనిపించింది. నాలుగింటికి ఫోన్ మోగింది. ఆమే.

"అక్కా, బయటికి వచ్చిన."

"అడిగిండ్రా?"

"అడిగిండు. ఎన్ని దినాలుంటవు అన్నడు. ఆ అడిగింది మాత్రం తెలిసింది."

"థర్టీ అన్నవా?"

"మరిసిపోయిన అక్కా. ఆ అంకె గొంతులకే రాలే. వాని మొకం సూసెసరికి అంత ఊడ్సుకపోయింది."

"మరి ఏం చేసినవ్?"

"ఏం చేస్త? కథ చెప్పిన. మై డాటర్ అన్న. బేబీ అన్న. నైన్ అన్నది, ఎయిట్ అన్నది, నో ప్లేన్ అన్న. ఐ నో సీ బేబీ అన్న. ఇగ నాకు ఏడుపొచ్చింది. మిగిలింది తెలుగుల చెప్పిన. వాడు అంత విన్నడు. ముద్ర కొట్టి, పో మమ్మా అన్నడు."

అవతల పాప ఏడుపు వినిపించింది, వెనకే ఆ అమ్మాయి గొంతు కూడా.

"ఉండక్కా, పిల్ల లేసింది. దీన్ని ఎత్తుకోవాలె" అని ఫోన్ పెట్టేసింది.